వేసవియు, బ్యాటరీ ఆయువును

చలికాలమున రాత్రి తోడువేసిన పాలు తెల్లవారినను ఒక్కొక్కప్పుడు పేరుకొనవు. వేసవియందు అవే పాలు నాలుగైదు గంటలలో గట్టి పెరుగగును. ఆ పెరుగును గమనింపక అట్లే విడిచితిమా, సాయంకాలమునకు పులిసి నోట పెట్టరానిదగును. పాలను త్వరగా పెరుగు చేసినదియు వేడిమియే. ఆ పెరుగును త్వరగా చెఱచినదియు వేడిమియే. మేలును త్వరపెట్టినట్లే కీడును గూడ త్వరపెట్టుట వేడిమికి స్వభావము.

మన యిండ్లలో ఇన్వర్టరు ప్రక్కన నుండు బ్యాటరీకిని, బస్సులు, లారీలు, ట్రాక్టరులు మొదలగు వాహనములందలి బ్యాటరీకిని ఈ సూత్రమే వర్తించును. వేసవి రాత్రి కరెంటు పోయినప్పుడు ఫ్యానును త్రిప్పునదియు, చదువుకొను పిల్లలకు దీపము వెలిగించునదియు ఆ బ్యాటరీయే. దాని వెల వేల రూపాయలు. సామాన్య కుటుంబమునకు అది చిన్న మొత్తము గాదు. ఆరేండ్లు పనిచేయవలసినది మూడేండ్లకే పాడైనదని దుకాణదారుని నిందించువారు కలరు. పెక్కుసారులు ఆ దోషము దుకాణదారునిది గాదు, బ్యాటరీ నుంచిన చోటిది. అది యెట్లో తెలిసికొనుటకు ముందుగా బ్యాటరీ నిర్మాణమును కొంత యెరుగవలెను.

సీసపు బ్యాటరీని కనిపెట్టినవాడు గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. ఆయన 1859వ సంవత్సరమున రెండు సీసపు రేకులను పలుచని గంధకికామ్లములో ముంచి, విద్యుత్తును నిలువచేయు ఉపాయమును లోకమునకు చూపెను. గంధకికామ్లమనగా మనము ప్రయోగశాలలో చూచు సల్ఫ్యూరిక్ ఆమ్లమే. 1881లో ఫ్రాన్సు దేశీయుడే యైన కమీల్ ఫోర్ అను నాతడు సీసపు రేకులకు సీసపు భస్మపు ముద్దను మెత్తి పలకలు చేయు పద్ధతిని కనుగొనెను. దానితో బ్యాటరీలను కర్మాగారములలో విరివిగా చేయుట సాధ్యమయ్యెను. పిదప ఎన్నియో మార్పులు జరిగినను మూలసూత్రము మాత్రము నేటికిని ప్లాంటే చూపినదే. మన రాష్ట్రమున తిరుపతి సమీపమునందలి కరకంబాడిలో సైతము ఇట్టి బ్యాటరీలను తయారుచేయు పెద్ద కర్మాగారము కలదు.

బ్యాటరీలో ఒక్కొక్క అరను ఘటమందురు. ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టుల నిచ్చును. అట్టి ఆరు ఘటములను వరుసగా కలిపినచో 12 వోల్టుల బ్యాటరీ యగును. ప్రతి ఘటమునందును రెండు రకముల పలకలుండును. ధన పలకపై ముదురు గోధుమవన్నె గల లెడ్ డయాక్సైడును, ఋణ పలకపై బూడిదవన్నె గల గుల్ల సీసమును ఉండును. ఈ పలకలు మునుగునట్లు నీటితో కలిపిన గంధకికామ్లమును నింపుదురు.

విద్యుత్తు బ్యాటరీలో, కుండలో నీరువలె నిలువయుండునని కొందఱు తలంతురు. అది సరి కాదు. అందు నిలువయుండునది రసాయన శక్తి. బ్యాటరీ మనకు విద్యుత్తు నిచ్చునప్పుడు ఆమ్లము రెండు పలకలతోను కలిసి, వానిపై లెడ్ సల్ఫేటు అను తెల్లని పదార్థమును ఏర్పఱచును. ఆమ్లము తగ్గి నీరు పెరుగును. మరల కరెంటు వచ్చినప్పుడు ఇన్వర్టరు బ్యాటరీలోనికి విద్యుత్తును ఎదురుగా పంపును. అప్పుడు ఆ తెల్లని పదార్థము విడిపోయి, పలకలు తమ పూర్వరూపమును పొందును. ఆమ్లము మరల చిక్కనగును. దీనినే ఛార్జి చేయుట యందురు. ఇట్లు ముందుకును వెనుకకును వందలకొలది మారులు నడువగలుగుటయే యీ బ్యాటరీ గొప్పతనము.

ఇక వేడిమి సంగతి చూతము. రసాయన చర్యలు వేడిమిచే ఎంతగా త్వరపడునో లెక్కకట్టు సూత్రమును 1889లో స్వీడను దేశీయుడగు స్వాంటే అరీనియస్ ప్రకటించెను. ఈ మహాశయునకు 1903లో రసాయన శాస్త్రమునందు నోబెలు బహుమానము లభించెను. ఆయన సూత్రమును బట్టి చూచినచో వేడిమి పెరిగినకొలది బ్యాటరీలోని చర్యలన్నియు వేగము పుంజుకొనును. కావుననే చల్లని ఉదయమున మందకొడిగా నుండు బ్యాటరీ, ఎండవేళ చురుకుగా నుండును. కొంత ఎక్కువ విద్యుత్తునే యిచ్చును. ఇది చూచి, ఎండ బ్యాటరీకి మేలు చేయుచున్నదని భ్రమపడరాదు. వడ్డీతో జీవించువాడు వేరు, అసలును తినివేయువాడు వేరు. ఎండలో బలము చూపు బ్యాటరీ తన అసలును తినుచున్నదని తెలిసికొనవలెను. ఏలయనగా, ఉపయోగపడు చర్యలతోపాటు చెఱుపు చేయు చర్యలును అప్పుడే త్వరపడుచుండును.

ఆ చెఱుపులు ముఖ్యముగా మూడు.

మొదటిది జాలకము తినివేయబడుట. ధన పలకలోని సీసపు జాలకము పలకకు ఎముకల గూడు వంటిది. పైనున్న పదార్థమును పట్టియుంచునదియు, విద్యుత్తును బయటికి కొనివచ్చునదియు అదియే. ఆమ్లములో నుండుటచే ఈ జాలకము కొంచెము కొంచెముగా తుప్పువలె తినివేయబడుచుండును. వేడిమి హెచ్చినచో ఈ తుప్పు వేగముగా సాగును. జాలకము ఉబ్బి, పెళుసై, తుదకు విఱుగును. మెత్తిన పదార్థము రాలి అడుగునకు చేరును. ఈ నష్టము ఎన్నిసారులు ఛార్జి చేసినను తిరిగి పూడునది కాదు.

రెండవది నీరు తగ్గుట. వేడికి కొంత నీరు ఆవిరియగును. ఛార్జి పూర్తి కావచ్చినప్పుడు విద్యుత్తు నీటినే విడదీసి, ఉదజని, ఆమ్లజని అను వాయువులుగా బయటికి పంపును. ఉదజని యనగా హైడ్రోజను, ఆమ్లజని యనగా ఆక్సిజను. వేడిలో ఈ వాయువులు ముందుగానే వెలువడసాగును. నీరు పోవునే గాని ఆమ్లము పోదు. కావున మిగిలిన ఆమ్లము మఱింత చిక్కనై, జాలకమును మఱింతగా తినును. నీటిమట్టము తగ్గి పలకల తలలు బయటపడినచో ఆ భాగము ఎండిపోయి పనికిరాకుండ పోవును.

మూడవది ఊరకయున్నను శక్తి తరుగుట. వాడక పక్కనుంచిన బ్యాటరీ సైతము తనంతట తాను కొంత శక్తిని కోల్పోవుచుండును. వేడిమి 10 డిగ్రీలు పెరిగినచో ఈ తరుగుదల సుమారు రెట్టింపగును. ఇట్లు శక్తి తరిగిన బ్యాటరీని పలు వారములు అట్లే విడిచినచో పలకలపై లెడ్ సల్ఫేటు గట్టి స్ఫటికములుగా పేరుకొనును. మెత్తగా నున్నప్పుడు సులభముగా విడిపోవు ఆ పదార్థము, గట్టిపడిన తరువాత ఛార్జి చేసినను విడిపోదు.

మన పాఠశాల బస్సులకు తఱచుగా సంభవించునది ఈ మూడవ కీడే. ఏప్రిలు నెలాఖరున సెలవు లిచ్చినది మొదలు జూను మాసమున బడి తెఱచువఱకు బస్సు ఎండలో కదలక నిలిచియుండును. బడి తెఱచిన నాడు తాళము త్రిప్పినచో ఇంజను పలుకదు. సెలవులకు ముందు పూర్తిగా ఛార్జిచేసి, బ్యాటరీ తీగను విడదీసి, నడుమ నొకసారి మరల ఛార్జి చేసినచో ఈ చిక్కు రాదు. వ్యవసాయపు పనులు లేని దినములలో కదలక యుండు ట్రాక్టరునకును ఇదే ఉపాయము.

వేడిమి ఎంత పెరిగిన ఎంత ఆయువు తరుగునని మీరడుగవచ్చును. దీనికి ఇంజనీరు లొక స్థూలమైన లెక్క చెప్పుదురు. బ్యాటరీ వేడిమి సుమారు 10 డిగ్రీలు పెరిగినచో దాని ఆయువు సగమగును. మన దేశమున బ్యాటరీల లెక్కలకు 27 డిగ్రీల సెంటీగ్రేడును ప్రమాణముగా తీసికొందురు. 27 డిగ్రీలలో 6 సంవత్సరములు నిలుచు బ్యాటరీ, ఎల్లప్పుడును 37 డిగ్రీలలో నున్నచో 3 సంవత్సరములు, 47 డిగ్రీలలో నున్నచో ఒకటిన్నర సంవత్సరము మాత్రమే నిలుచును.

ఏడాది పొడవున ఎండలుండవు గదా యని మీకు తోచవచ్చును. నిజమే. అయినను లెక్క చూడుడు. ఒక బ్యాటరీ 8 నెలలు 27 డిగ్రీలలోను, వేసవి 4 నెలలు 37 డిగ్రీలలోను ఉన్నదనుకొనుడు. వేడిగా నున్న ప్రతి నెలయందును అది రెండు నెలల ఆయువును వ్యయము చేయును. అనగా 8 నెలలకు 8, 4 నెలలకు 8, మొత్తము 16. క్యాలెండరులో 12 నెలలు గడచునప్పటికి బ్యాటరీకి 16 నెలల వయస్సు వచ్చును. 72 నెలల ఆయువును 16 చొప్పున భాగించిన నాలుగున్నర. ఆరేండ్ల బ్యాటరీ నాలుగున్నర యేండ్లకే ముగిసినదన్న మాట. రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము వంటి చోట్ల మే మాసమున ఎండ 45 డిగ్రీలను తాకు దినములు కలవు. అచ్చట రేకుల కప్పు క్రింద నుంచిన బ్యాటరీ గతి యేమగునో మీరే యోచింపుడు.

మఱియొక విశేషము. బయట ఎండ తగ్గినంతమాత్రమున బ్యాటరీ చల్లబడదు. ఇండ్లలో వాడు పెద్ద బ్యాటరీ ఆమ్లముతో కలిసి 50 కిలోగ్రాములకు పైగా బరువుండును. అంత బరువైన వస్తువు మెల్లగా వేడెక్కి, మెల్లగానే చల్లారును. అదియు గాక ఛార్జి యగునప్పుడు లోపల కొంత వేడి పుట్టును. గాలి చొఱని అలమరలో పెట్టిన బ్యాటరీకి రాత్రి యంతయు గడచినను పగటి వేడి పూర్తిగా వదలదు. మరునాటి వేడి దానికి తోడగును.

ఛార్జి చేయు పద్ధతియందును వేడిమిని లెక్కింపవలెను. బ్యాటరీలోనికి విద్యుత్తును పంపవలెనన్న దాని వోల్టేజి కంటె ఎక్కువ వోల్టేజితో నెట్టవలెను. బ్యాటరీ వేడిగా నున్నప్పుడు లోపలి చర్యలు సులభముగా సాగును గనుక తక్కువ నెట్టు చాలును. చల్లగా నున్నప్పుడు ఎక్కువ నెట్టు కావలెను. ఒక్కొక్క డిగ్రీకి ఒక్కొక్క ఘటమునకు 3 మొదలు 5 మిల్లీవోల్టులవఱకు సవరింపవలెనని నిపుణులు చెప్పుదురు. 3 చొప్పుననే చూతము. ఆరు ఘటములకు డిగ్రీకి 18 మిల్లీవోల్టులు. 27 డిగ్రీలయందు 13.8 వోల్టులతో నిలుపు బ్యాటరీ 47 డిగ్రీలకు వేడెక్కినచో, 20 డిగ్రీలకు 360 మిల్లీవోల్టులు, అనగా 0.36 వోల్టు తగ్గింపవలెను. అప్పుడు తగిన వోల్టేజి 13.44. ఆదిలాబాదులోను, లంబసింగిలోను శీతకాలమున 7 డిగ్రీల చలి యుదయమున అదే బ్యాటరీకి 14.16 వోల్టులు కావలెను. ఈ భేదము చూపునకు స్వల్పము. కాని వేడి బ్యాటరీకి చల్లని బ్యాటరీ వోల్టేజి నిచ్చుట, కడుపు నిండినవానికి బలవంతముగా అన్నము కుక్కుట వంటిది. ఎక్కువైన విద్యుత్తు నిలువ గాక, నీటిని విడదీయుటకును, జాలకమును తినుటకును, మఱింత వేడి పుట్టించుటకును వినియోగమగును. కొన్ని ఛార్జరులలో వేడిమిని కనిపెట్టి వోల్టేజిని తానే సవరించు ఏర్పాటుండును. కొనునప్పుడు అట్టిదానిని అడిగి కొనుట మంచిది.

నీరు పోయనక్కఱలేని మూత బిగించిన బ్యాటరీల విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. వీనిలో వెలువడిన ఆమ్లజని లోపలనే ఋణ పలకతో కలిసి మరల నీరగును. ఆ కలయికలో వేడి పుట్టును. బ్యాటరీ వేడెక్కినకొలది అదే వోల్టేజికి ఎక్కువ విద్యుత్తును లాగుకొనును. ఎక్కువ విద్యుత్తు మరల ఎక్కువ వేడిని పుట్టించును. వేడి బయటికి పోవు దారి లేనిచో ఇది అగ్నిలో ఆజ్యము పోసినట్లు పెరిగి, పెట్టె ఉబ్బుట, పగులుట వఱకు వచ్చును. పక్కలు ఉబ్బిన బ్యాటరీని మరల ఛార్జి చేయరాదు.

బ్యాటరీ నిండినదో లేదో తెలిసికొనుటకు మెకానిక్కులు హైడ్రోమీటరను గాజు గొట్టముతో ఆమ్లపు సాంద్రతను చూతురు. ఇండ్లలోని బ్యాటరీ నిండుగా నున్నప్పుడు సాంద్రత 27 డిగ్రీలవద్ద సుమారు 1.240 ఉండును. చలిదేశములలో ఇంతకంటె చిక్కని ఆమ్లమును వాడుదురు. మన వంటి ఉష్ణదేశములలో జాలకము త్వరగా తినివేయబడకుండుటకై కొంత పలుచని ఆమ్లమును వాడుదురు. వేడి ద్రవము వ్యాకోచించును గనుక ఎండవేళ హైడ్రోమీటరు తక్కువ అంకె చూపును. 10 డిగ్రీలకు 0.007 చొప్పున కలుపుకొనవలెను. 47 డిగ్రీలలో 1.226 చూపినచో 0.014 కలిపిన 1.240 అగును. బ్యాటరీ నిండియే యున్నది. ఈ సవరణ తెలియనివాడు తక్కువైనదని తలచి ఆమ్లము పోసినచో బ్యాటరీకి చేటు తెచ్చినవాడగును.

నీరు తగ్గినప్పుడు పోయవలసినది స్వేదన జలము, అనగా దుకాణములలో డిస్టిల్డ్ వాటరని అమ్మునది. ఆమ్లము పోయరాదు, కుళాయినీరు, బావినీరు పోయరాదు. వానిలోని లవణములు పలకలకు హాని చేయును. పలకలు బయటపడినచో వెంటనే అవి మునుగునంత మాత్రము పోసి, ఛార్జి పూర్తియైన పిమ్మట గుర్తువఱకు నింపవలెను. ముందే నిండుగా పోసినచో వేడికి ద్రవము ఉబ్బి పైకి పొరలును. వేసవిలో నెలకొకసారియైనను నీటిమట్టమును చూడవలెను.

బ్యాటరీని ఎచ్చట నుంచవలెను? ఎండ పడని, గాలి యాడు చోట. మేడమీది రేకుల గదియు, పడమటి గోడకానుకొన్న మూలయు, వంటపొయ్యి ప్రక్కయు, ఫ్రిజ్ వెనుకయు తగవు. చుట్టును జానెడు ఖాళీ విడువవలెను. బ్యాటరీని సిమెంటు నేలపై పెట్టినచో శక్తి పోవునని ఒక నమ్మకము కలదు. నేటి ప్లాస్టిక్ పెట్టెల బ్యాటరీలకు ఆ భయము లేదు; చల్లని నేల మేలే చేయును. వాహనములందు ఇంజను వేడి ఎండకు తోడగును గనుక వీలైనప్పుడెల్ల వాహనమును నీడలో నిలుపవలెను. వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ తఱచుగా వెంటనే చెడదు. చలికాలపు ఉదయమున ఇంజను బిగిసి ఎక్కువ బలము కోరినప్పుడు కూలబడును. చలి చంపినదని జనులందురు; చంపినది గడచిన వేసవియే.

ఇంటిలో బ్యాటరీ యున్న బాలబాలికలు మఱవరాని సంగతి యొకటి కలదు. ఛార్జి యగునప్పుడు వెలువడు ఉదజని గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరినచో నిప్పురవ్వ తగిలి ప్రేలును. కావున నీటిమట్టము చూచుటకై అగ్గిపుల్లను గాని, దీపమును గాని దగ్గఱకు తీసికొనిపోరాదు. కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చినచో బ్యాటరీ మితిమీరి ఛార్జియగుచున్నదని గ్రహించి, అచ్చట నిలువక, కిటికీలు తెఱపించి, పెద్దలచేత ఛార్జింగును ఆపింపవలెను. ఆమ్లము కంటబడినను, ఒంటిపై బడినను వెంటనే విస్తారమైన మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని కడకు పోవలెను. మూతలు తీయుట, నీరు పోయుట పెద్దల పని. మట్టము తగ్గినదని గుర్తించి చెప్పుట మీ పని.

కడపట సీసమును గూర్చి ఒక మాట. సీసము విషము. అది గాలిద్వారమునను, దుమ్ముద్వారమునను దేహమున ప్రవేశించి, ముఖ్యముగా పసిపిల్లల మెదడునకు హాని చేయును. పాత బ్యాటరీని పెరటిలో పగులగొట్టి సీసము కరగించుట మహాపరాధము. మన దేశమున 2022లో వచ్చిన నియమముల ప్రకారము పాత బ్యాటరీలు అనుమతి పొందిన శుద్ధి కర్మాగారములకు చేరవలెను. కావున వానిని అమ్మిన దుకాణమునకే తిరిగి యియ్యవలెను. నీడనుంచి మనము నిలుపుకొనిన ప్రతి బ్యాటరీ, కరగింపవలసిన సీసమును కొంత తగ్గించును.

వస్తువును కొనుటకు ధనము చాలును. దానిని నిలుపుకొనుటకు దాని స్వభావము తెలియవలెను. పెరుగు పులియకుండ నీళ్ల కుండ ప్రక్కన చల్లని చోట దాచుట మన యవ్వలకు తెలిసిన విద్యయే. అదే బుద్ధిని బ్యాటరీయందును చూపినచో ఇంటి ధనము మిగులును, వేసవి రాత్రి దీపము నిలుచును.

ప్రశ్నలు

1. ఎండవేళ బ్యాటరీ ఎక్కువ చురుకుగా పనిచేయునుగదా. అయినను ఎండ దానికి హాని యని ఏల చెప్పుదుము?

2. వేడిమి వలన బ్యాటరీకి కలుగు మూడు చెఱుపులను మీ మాటలలో వ్రాయుడు.

3. 27 డిగ్రీలలో 5 సంవత్సరములు నిలుచు బ్యాటరీ ఏటా 9 నెలలు 27 డిగ్రీలలోను, 3 నెలలు 37 డిగ్రీలలోను ఉన్నచో ఎంతకాలము నిలుచును?

4. తగ్గిన మట్టమును ఆమ్లముతో గాక స్వేదన జలముతోనే ఏల నింపవలెను?

5. మీ యింటిలో గాని, పొరుగింటిలో గాని బ్యాటరీ నుంచిన చోటును పరిశీలించి, అందలి గుణదోషములను పది పంక్తులలో వ్రాయుడు.